ఆటలో దిగులును కొలిచేదెవరు?

ఆటగాళ్ల మనసు మీద కూడా పీహెచ్‌డీలు చేస్తారని మన వాడల్లో ఎంతమందికి తెలుసు? పోటీకి ముందు దిగులెంత, గుండెదడెంత, ధైర్యమెంత అని కొలవడానికి అమెరికాలో మార్టెన్స్ బృందం 1990లో అచ్చేసిన ప్రశ్నపత్రంలో 27 వాక్యాలున్నాయి. పనికొచ్చేదే, కాదనం. కులం ఊసు మాత్రం లేదు. వాళ్లకెందుకుంటుంది?

2021 టోక్యో ఒలింపిక్స్‌లో మన వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. నాలుగు రోజులకు సెమీఫైనల్లో జట్టు ఓడింది. హరిద్వార్ దగ్గర ఆమె ఇంటిముందు టపాకాయలు కాల్చి, కులం పేరుతో తిట్టారని కేసయింది. రెండు రోజులకే ఆమె మళ్లీ మైదానంలో దిగి బ్రిటన్ మీద గోల్ కొట్టింది!

ఆ రెండు రోజులు ఆమె మనసెట్లా నిలబడింది? ఇది పీహెచ్‌డీకి తగిన ప్రశ్న కాదా? గైడు మొహం చిట్లిస్తే చిట్లించనీ. సైకాలజీ, వ్యాయామవిద్య చదివే మన పిల్లలతో కార్యకర్తలు నెట్ పరీక్ష రాయించాలి. ఎస్సీ ఫెలోషిప్పుకు దారి అదే.