ఒక్క పనే వచ్చినవాడికీ జట్టులో చోటుండాలి



మన హాస్టల్ కబడ్డీ జట్టులో నేనెప్పుడూ ఎక్స్‌ట్రా ప్లేయర్‌నే. పట్టు బాగా పట్టేవాణ్ణి. కూతకు వెళితే మాత్రం తిరిగొచ్చేవాణ్ణి కాదు. అన్నీ వచ్చినవాడే ఆటగాడని అప్పట్లో అందరి నమ్మకం. ఉద్యోగరీత్యా మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడి ఫుట్‌బాల్ చూస్తుంటే ఆ మాటే గుర్తుకొచ్చింది.

ఇది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతి, కోలగా ఉండే పెద్ద మైదానం, జట్టుకు 18 మంది. ఇందులో ఒక్క పనికే పుట్టినట్టుండే ఆటగాళ్లు ఇద్దరు. ఒకరు రక్‌మన్: రెండు మీటర్ల మనిషి, పైకెగిరి బంతిని తనవాళ్లకు అందిస్తాడు. రెండోవాడు ఫుల్ ఫార్వర్డ్: గోలు ముందు నిలబడి, వచ్చిన బంతిని పట్టి గోల్ కొడతాడు.

1978లో ఇంటర్‌చేంజ్ పద్ధతి పెట్టినప్పుడు బెంచి మీద ఇద్దరే ఉండేవారు. 1998 నాటికి నలుగురయ్యారు. బయటికొచ్చినవాడు మళ్లీ లోపలికి వెళ్లవచ్చు కాబట్టి కోచ్‌లు బెంచిని అలుపు తీర్చుకునే చోటుగా మార్చేశారు. అలుపు లేనివాళ్లంతా బంతి చుట్టూ మూగుతుంటే ఫుల్ ఫార్వర్డ్‌కు ఖాళీ ఎక్కడిది? 1971లో పీటర్ హడ్సన్ ఒక్క సీజన్‌లో 150 గోల్స్ కొట్టాడు. 2008లో లాన్స్ ఫ్రాంక్లిన్ తర్వాత 2025 సీజన్ వరకూ ఎవరూ వంద దాటలేదు. దీనికి మార్పిడి ఒక్కటే కారణం కాదు గానీ, అది పెద్ద కారణమని నా అభిప్రాయం.

నిర్వాహకులు ఈ సంగతి గమనించకపోలేదు. మ్యాచ్‌కు జట్టు చేసే మార్పిడులను 2014లో 120కి, 2016లో 90కి, 2021లో 75కి పరిమితం చేశారు. 2026 నుంచి సబ్‌స్టిట్యూట్‌ను తీసేసి బెంచి మీద ఐదుగురిని ఉంచారు. పరిమితి మాత్రం 75 దగ్గరే ఆగింది. దాంతో ఐదో స్థానం కూడా పరుగెత్తేవాడికే పోతుందని నా భయం.

నేను కోరేది రెండు మార్పులు. మార్పిడులను 40కి తగ్గించాలి. రెండోది, మ్యాచ్‌కు ముందే ఇద్దరు రక్‌మన్‌ల పేర్లు జంటగా ఇచ్చి, వాళ్లిద్దరి మధ్య మార్పిడిని లెక్కలో వేయకూడదు.

దీనికి అభ్యంతరం ఉంది. ఐపీఎల్‌లో 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ వచ్చాక ఆల్‌రౌండర్లకు అన్యాయం జరుగుతోందని రోహిత్ శర్మ వంటివారే అన్నారు. నిజమే. కానీ ఇక్కడ 23 మందిలో ఇద్దరికే ఆ వెసులుబాటు. మిగతా 21 మంది అన్ని పనులూ చేయాల్సిందే. అలసిపోతే గాయాలు పెరుగుతాయనేది మరో మాట. అది తోసిపుచ్చలేనిది. అందుకే 40కి ఒక్కసారిగా కాక, ఏడాదికి కొంచెంగా దిగాలి.

తమ్ముళ్లారా! వచ్చే ఏడాది మన కబడ్డీ జట్టును ఎంపిక చేసేటప్పుడు, పట్టు మాత్రమే వచ్చిన కుర్రాణ్ణి పక్కన పెట్టకండి. కూతకు వేరేవాణ్ణి పంపండి. వాణ్ణి మూల దగ్గర నిలబెట్టండి.

– ఒక పూర్వ విద్యార్థి, మెల్‌బోర్న్