పనితనం షెడ్డులో దాచుకునేది కాదు

ఈ రోజు పోస్టు పంట గురించి కాదు, కార్ల గురించి. చేతిపని మీద బతికే ప్రతి ఇంటికీ సంబంధం ఉన్న విషయమే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పెద్ద మేస్త్రి అయినవాడు తన పనిని పదిమంది ముందు చేసి చూపించాలి. మనం కూడా పూర్తయిన వస్తువు చూసి చప్పట్లు కొట్టి వచ్చేయకుండా, పని జరిగేటప్పుడు నిలబడి చూడాలి. ఎందుకంటారా? ఒక మనిషి గురించి చెబుతాను.

అమెరికాలో జీన్ విన్‌ఫీల్డ్ అని ఒక కార్ల మేస్త్రి ఉండేవారు. 1927లో పుట్టారు. 2025 మార్చిలో, 97 ఏళ్ళ వయసులో పోయారు. కంపెనీ నుంచి వచ్చిన కారుని కోసి, వంచి, అతికి, వేరే ఆకారంలోకి తేవడం ఆయన వృత్తి. అలా చేసినవాటిని అక్కడ కస్టమ్ కార్లు అంటారు. కాలిఫోర్నియాలోని మోడెస్టో ఊళ్ళో షాపు పెట్టుకున్నారు. 1956 మోడల్ మెర్క్యురీని మార్చి ఆయన చేసిన 'జేడ్ ఐడల్' ఆ లోకంలో అందరికీ తెలిసిన కారు. ఒక రంగు ఎక్కడ ఆగిందో, ఇంకో రంగు ఎక్కడ మొదలైందో తెలియకుండా కలిపి కొట్టే పెయింటింగ్‌ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' సినిమాలో కార్లు, 'రోబోకాప్'లో కారు కూడా ఆయన కట్టినవే.

ఇంత పేరున్న మనిషి ఏం చేసేవారో తెలుసా? 80 దాటాక, 90 దాటాక కూడా కార్ షోలకి వెళ్ళి, జనం మధ్యలో నిలబడి, పాత కారు టాప్ కోసి దించి చూపించేవారు. డెట్రాయిట్ ఆటోరామా లాంటి పెద్ద షోలో కూడా. పక్కనే కోట్లు పోసి చేయించిన కార్లు తళతళలాడుతుంటే, ఈయన దగ్గర గ్రైండర్ మోత, నిప్పురవ్వలు. ఆ వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి, చూడండి.

టాప్ కోయడం అంటే ఏముంది, నాలుగు పిల్లర్లు కోసి మళ్ళీ అతికించడమేగా అనుకుంటాం. ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ బకెట్ ఊహించుకోండి. దాని మధ్యలో మూడు అంగుళాల పట్టీ అడ్డంగా కోసి తీసేసి, పై ముక్కని కింద ముక్క మీద పెడితే అంచులు కలుస్తాయా? కలవవు. బకెట్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి. కారు పిల్లర్లూ అంతే. ముందువి వెనక్కి వాలి ఉంటాయి, వెనకవి ముందుకి. మూడు నాలుగు అంగుళాలు తీసి టాప్ దించగానే ముందు కలిస్తే వెనక కలవదు, వెనక కలిస్తే ముందు కలవదు. అప్పుడు పిల్లర్ని వాల్చాలి, లేదా టాప్‌నే కోసి మధ్యలో రేకు వేసి పొడవు పెంచాలి. వెనక అద్దం ఉండే భాగాన్ని ఇంకా పడుకోబెట్టాలి. తలుపుల ఫ్రేములు కోయాలి. అద్దాలూ కొత్త సైజుకి రావాలి.

ఇంకో సంగతి. కొయ్యకముందే కారు లోపల అడ్డదిడ్డంగా ఇనుప రాడ్లు వెల్డింగ్ చేసి బిగిస్తారు. లేకపోతే టాప్ తీయగానే బాడీ కదిలిపోయి, తర్వాత తలుపులు పడవు. అతికేటప్పుడు కూడా ఒక చివర మొదలుపెట్టి రెండో చివరిదాకా వెల్డింగ్ లాగేయరు. అలా చేస్తే వేడికి రేకు అలలు తిరుగుతుంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క టాక్ వేసి, చల్లారనిచ్చి, మళ్ళీ ఖాళీలు నింపుతూ వస్తారు. ట్రాలీకి రేకు వేయించినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆ పైన సుత్తి, డాలీ పట్టుకుని సాపు చేస్తారు. లప్పం రాకముందు అతుకుల మీద సీసం కరిగించి, చెక్కతో సర్ది, ఆకురాయితో అరగదీసేవాళ్ళు.

ఇదంతా మామూలు వీడియోలో పది నిమిషాలకి కుదించి చూపిస్తారు. కోత, రవ్వలు, అతుకు, తళతళలాడే కారు. కత్తిరించి పారేసింది ఏమిటి? కొలిచిన గంట. రెండు పక్కలా టేపు పెట్టి చూసి, దూరంగా వెళ్ళి నిలబడి, తల వంచి చూసి, మళ్ళీ వచ్చి పావు అంగుళం జరిపిన గంట. అసలు పని ఆ గంటలోనే ఉంది. షోలో ఎదురుగా నిలబడ్డవాడికి అది తప్పకుండా కనిపిస్తుంది. కోత అయిదు నిమిషాలు, కొలత రోజంతా అని అర్థమయ్యాక ఎవడూ మేస్త్రితో "ఈ మాత్రం దానికి ఇంత అడుగుతావేంటి" అనడు.

దీనికి అడ్డం మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ఒకటి, బంగారంలాంటి పాత కారుని కోసి పాడుచేస్తున్నారని. ఆ మాటలో న్యాయం ఉంది. ఉన్నది ఉన్నట్టు కాపాడాల్సిన కార్లు ఉంటాయి. కానీ పాత కార్లన్నీ అలాంటివి కావు. అద్దాల గదిలో పెట్టిన కారు ఎలా ఉండేదో చెబుతుంది, ఎలా చేస్తారో చెప్పదు. రెండూ కావాలి.

రెండోది మన దగ్గర బాగా వినిపించేది. "అందరి ముందూ చేస్తే చూసి నేర్చేసుకుంటారు, నా గిరాకీ పోతుంది." అయ్యా, చూస్తే వచ్చేసే పని అయితే అది దాచినా నిలవదు. విన్‌ఫీల్డ్ గారు దేశాలు తిరిగి చూపించారు, మెటల్ పని క్లాసులు పెట్టి మరీ నేర్పించారు. ఆయన గిరాకీ పోలేదు. చివరి ఏళ్ళదాకా పిలుస్తూనే ఉన్నారు.

ఇక మన సంగతి. విజయవాడ ఆటోనగర్‌కి ఖాళీ ఛాసిస్ వస్తుంది, లారీ అయి బయటికి వెళ్తుంది. ఆ చెక్క పని, రేకు పని, ఆ రంగులు చేసే చేతులు ఏ విన్‌ఫీల్డ్‌కి తక్కువ? మా మండలంలో ట్రాలీలు కట్టే ఒక పెద్దాయన ఉన్నారు. 70 దాటాయి. విరిగిన కల్టివేటర్ పట్టుకెళ్తే ఎక్కడ బలం తగ్గి విరిగిందో చేత్తో తడిమి చెబుతారు. ఆయన దగ్గర ఉన్న ఇద్దరు కుర్రాళ్ళలో ఒకడు పార్శిళ్ళు పంచే పనికి పోయాడు. రెండోవాడు ఎన్నాళ్ళుంటాడో ఆయనకే తెలీదు. ఆ తడిమి చెప్పే విద్య ఏ పుస్తకంలోనూ లేదు. ఆయనతోనే పోతుంది.

మన రైతు మేళాలకి వెళ్తే ఏముంటుంది? కొత్త ట్రాక్టర్లు, పూలదండలు, ఒక టోపీ, ఒక కరపత్రం. ఆ మేళాల్లో ఒక్క స్టాల్ అద్దె లేకుండా ఇలాంటి మేస్త్రికి ఇవ్వండి. రోజు కూలి ఇచ్చి, ఒక విరిగిన పనిముట్టు ముందు పెట్టి, చేతికి మైకు ఇవ్వండి. ట్రాక్టర్ల దగ్గరకన్నా అక్కడే ఎక్కువమంది నిలబడతారని నా నమ్మకం. నిర్వాహకుల్లో ఎవరైనా ఈ పోస్టు చదువుతుంటే దయచేసి ఆలోచించండి.

మేళా వచ్చేదాకా ఆగక్కర్లేదు కూడా. ఈసారి ట్రాలీ షెడ్డుకి తీసుకెళ్ళినప్పుడు, "సాయంత్రం వస్తా మేస్త్రీ" అని వదిలేసి రాకండి. మీ అబ్బాయినో, అమ్మాయినో వెంట తీసుకెళ్ళి రెండు గంటలు అక్కడే నిలబడండి. ఫోను జేబులో పెట్టేసి చూడండి. ఎందుకలా చేశారని అడగండి. అడిగితే ఆ పెద్దాయన మొహం ఎలా వెలుగుతుందో మీరే చూస్తారు.