తలుపు ఎన్నింటికి తీస్తారు?

విజయవాడ కుమ్మరిపాలెం సెంటర్లో తెల్లవారుజామున టీ కొట్టు తెరిచీ తెరవకముందే వచ్చే మనిషి ఒకాయన ఉన్నాడు. కనకదుర్గ ఫ్లైఓవర్ కింద పడుకుంటాడు. ఎవరూ ఎత్తుకుపోకుండా చెప్పులు తలకింద పెట్టుకుని, వాటిమీద తువ్వాలు మడిచి వేసుకుంటాడు. ఆధార్ కార్డు పాలిథిన్ కవర్లో చుట్టి చొక్కా లోపలి జేబులో ఉంటుంది. లేవగానే, యూరియా సంచులు విప్పి కుట్టుకున్న పట్టాను నాలుగు మడతలు పెట్టి కొట్టు బల్ల కిందికి తోస్తాడు. టీ తాగి అడ్డా మీదికి పోతాడు. పిలిస్తే తాపీమేస్త్రీ దగ్గర కూలి, పిలవకపోతే మళ్ళీ ఆ ఫ్లైఓవర్ నీడే. "ఊళ్ళో ఇల్లు లేదా?" అనడిగాను. "ఉంది సార్, నాది కాదు" అన్నాడు.

ఇలాంటివాళ్ళ కోసం భవానీపురం ఇళ్ళ మధ్య కార్పొరేషన్ ఒక షెల్టర్ కడతానందనుకోండి. సాయంత్రానికల్లా అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు వేడెక్కుతాయి. తాగుబోతులు చేరతారు, ట్యూషన్ నుంచి ఆడపిల్లలు ఎలా వస్తారు, ఫ్లాట్ రేటు పడిపోతుంది. పదిమంది కలిసి ఎమ్మెల్యే ఆఫీసుకు వెళ్తారు. ఫైలు పక్కకు పోతుంది. ఇలా అడిగేవాళ్ళందర్నీ జాలి లేనివాళ్ళని తిట్టేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఆ భయంలో కొంత నిజముంది. అది షెల్టర్ గుమ్మం బయట, రోడ్డు మీద ఉంటుంది.

మన పిల్లలు ఉద్యోగాలకని వెళ్ళి స్థిరపడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో సరిగ్గా ఇదే గొడవ 2019లో జరిగింది. నీటి ఒడ్డున ఎంబార్కడేరో రోడ్డు పక్క, ఓడరేవు సంస్థకు చెందిన ఒక పార్కింగ్ స్థలంలో పెద్ద షెల్టర్ పెడతామని మేయర్ లండన్ బ్రీడ్ మార్చిలో ప్రకటించారు. చుట్టూ ఖరీదైన అపార్ట్‌మెంట్లు. ఏప్రిల్‌లో కాలనీవాళ్ళతో సభ పెడితే మేయర్ని మాట్లాడనివ్వకుండా కేకలు వేశారు. కోర్టుకెళ్ళడానికి ఆన్‌లైన్‌లో చందాలు పోగేస్తే లక్ష డాలర్లు దాటాయి. అది చూసి ఒళ్ళు మండినవాళ్ళు షెల్టర్‌కు అనుకూలంగా ఇంకో చందా మొదలెట్టారు. దానికి ఇంకా ఎక్కువ వచ్చాయి! డబ్బున్న ఊరు కదా, పట్టింపులు కూడా చందాలతోనే తేల్చుకుంటారు.

ఏప్రిల్ 23న ఓడరేవు కమిషన్ షెల్టర్‌కు ఒప్పుకుంది. అయితే మొదట అనుకున్నది అనుకున్నట్టుగా కాదు. ముందు 130 పడకలే వేసి, నడక చూసుకుంటూ 200కు పెంచుతారు. నాలుగేళ్ళ గడువు రెండేళ్ళయింది, బాగా నడిస్తేనే పొడిగింపు. చుట్టుపక్కల పోలీసు గస్తీ పెంచుతారు. నిర్మాణం ఆపమంటే కోర్టు ఆపలేదు. డిసెంబరులో తలుపులు తెరిచారు.

ఈ బేరసారాల కంటే నాకు ఆసక్తి కలిగించింది ఆ షెల్టర్ నడిచే తీరు. దాన్ని వాళ్ళు నావిగేషన్ సెంటర్ అంటారు. మొదటిది 2015లో అదే ఊళ్ళో మిషన్ పేటలో పెట్టారు. అంతకుముందు షెల్టర్లలో మంచం కోసం వీధిలో క్యూ కట్టాలి, పొద్దున్నే లేచి బయటికి పోవాలి. భార్యాభర్తలు చెరో చోట పడుకోవాలి, కుక్కపిల్లను వదిలెయ్యాలి, మూటాముల్లె బయటే పెట్టాలి. దానికన్నా పేవ్‌మెంటే నయమని చాలామంది అటు వెళ్ళేవాళ్ళే కాదు. నావిగేషన్ సెంటర్లో జోడీని విడదీయరు, కుక్కను రానిస్తారు, సామాను పెట్టుకోనిస్తారు. పగలూ రాత్రీ తెరిచే ఉంటుంది. ఎవరు పడితే వారు గుమ్మం దగ్గరికొచ్చి నిలబడే పనిలేదు, వీధుల్లో తిరిగే సిబ్బందే మనిషిని చూసి మాట్లాడి తీసుకొస్తారు. కాబట్టి బయట క్యూ ఉండదు. కాలనీవాళ్ళు భయపడిన గుంపు ఆ క్యూనే.

మనం ఇంకా నైట్ షెల్టర్ అనే అంటున్నాం. తప్పు ఆ 'నైట్'లోనే ఉందనిపిస్తుంది నాకు. 2009 చలికాలంలో ఢిల్లీలో ఒక షెల్టర్‌ను కూల్చేశాక, ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి పట్టించుకుంది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టర్ ఉండాలని, అది ఏడాది పొడవునా 24 గంటలూ తెరిచి ఉండాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలని రాసింది. కూలీలు, వలస వచ్చినవాళ్ళు మసిలే స్టేషన్లు, బస్టాండ్లు, మార్కెట్ల దగ్గరే కట్టమంది. 2011 లెక్కల్లోనే విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. లక్షకు ఒకటి చొప్పున ఎన్ని కావాలో పెద్ద లెక్క కాదు.

పెళ్ళిళ్ళలో వడ్డించే క్యాటరింగ్ కుర్రాళ్ళకు పని ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. గొల్లపూడి హోల్‌సేల్ మార్కెట్లో రాత్రంతా లారీలు దించిన హమాలీ పగలు నిద్రపోవాలి. పదింటికి తాళం వేసి, ఆరింటికి ఖాళీ చేయమనే షెల్టర్ వీళ్ళలో ఎవరికి పనికొస్తుంది? ఆరింటికి బయటపడ్డవాడు నేరుగా ఎదురింటి అరుగు మీదే కూర్చుంటాడు. ఆ ఇంటివాళ్ళకు కోపం రావడం సహజమే.

శాన్‌ఫ్రాన్సిస్కో పద్ధతి అంతా మనకు అతకదు. నడిరాత్రి రైలు దిగి, జేబులో ఇరవై రూపాయలున్నవాణ్ణి, సిబ్బంది వచ్చి నిన్ను చూసేదాకా ఆగమంటే ఎలా? ఇక్కడ నడిచొచ్చినవాణ్ణి చేర్చుకోవాల్సిందే. అందుకే ప్రహరీ లోపలే నీడ, కుళాయి ఉన్న వాకిలి కావాలి. క్యూ ఉంటే అందులోనే ఉండాలి. ప్లాన్లో అందరూ హాలు కొలతలు చూస్తారు, నేనైతే ముందు ఆ వాకిలి చూస్తాను.

ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ 1985లో షెల్టర్, హాస్టల్ పడకలు రెండు వేలకు పైగా ఉండేవి, 2016 నాటికి 52 మిగిలాయి. సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ 250 పడకల హాస్టల్‌ను 80 చిన్న ఫ్లాట్లుగా మార్చి, మనిషికో తాళంచెవి ఇచ్చారు. అంత ఖర్చు మన కార్పొరేషన్ పెడుతుందని నేననుకోను. కానీ ఖర్చులేని అలవాటు ఒకటి ఆ దేశంలో ఉంది. ఇలాంటి ఇళ్ళున్న చోట సిబ్బంది, అక్కడ ఉండేవాళ్ళు కలిసి చుట్టుపక్కల వీధులు తిరిగి చెత్త ఏరతారు, ఇరుగుపొరుగు ఫిర్యాదులు వింటారు.

నిజానికి నేల మీద పడుకునే జనం భవానీపురానికి కొత్త కాదు. దీక్ష విరమణ రోజుల్లో ఘాట్ల దగ్గర, రోడ్ల పక్కన ఎర్రబట్టల భవానీలు ఎంతమంది పడుకుంటారు! 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాల పన్నెండు రోజులకు షెడ్లు, కుళాయిలు, మరుగుదొడ్లు వచ్చేశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఊర్మిళానగర్, జోజినగర్ మునిగినప్పుడు, సొంత డాబాలున్నవాళ్ళు కూడా బడుల్లోనో బంధువుల ఇళ్ళలోనో చాపలేసుకున్నారు. అప్పుడెవరూ ఎవర్నీ ఫ్లాట్ రేటు అడగలేదు.

అందుకే, రేపెప్పుడైనా కార్పొరేషన్ వాళ్ళు సభ పెడితే, 'మా పేటలోనే ఎందుకు' అన్నదానికి ముందు వేరే ప్రశ్నలు అడగాలి. మంచాలెన్ని? మొదటి ఏడాది ఎన్ని వేస్తారు? తలుపు ఎన్నింటికి తీస్తారు, అసలు మూస్తారా? రాత్రి రెండింటికి గొడవైతే ఫోనెత్తేది ఎవరు? ఏడాది తర్వాత లెక్క చెప్పడానికి మళ్ళీ ఇదే హాలుకు వస్తారా? ఇవి కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోవచ్చు. జాలిని అలా రాయించుకోలేం, భయాన్నీ రాయించుకోలేం.

మొన్న టీ కొట్టామెను అడిగాను, ఆ పట్టా అక్కడ పెట్టుకోవడానికి ఏమైనా ఇస్తాడా అని.

"ఏమిస్తాడండీ, పొద్దున బల్లలు తుడిచి పోతాడు. మొన్న వానకు తడిసిందని నేనే ఎండేశాను" అంది. తర్వాత కొంచెం ఆగి, "నేను కొట్టు కట్టేసి ఊరెళ్ళిన రోజే పాపం, దాన్ని నెత్తిన పెట్టుకుని పనికి పోతాడు. అది చూసి మేస్త్రీ పిలవడు" అంది.