ట్రాక్టరు ముక్కుకు ఏ గుడ్డ కట్టాలి?

గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీలను చూశారా? ముక్కుకూ నోటికీ తువ్వాలు బిగించి కట్టుకుంటారు, ఘాటూ దుమ్మూ ఊపిరితిత్తుల్లోకి పోకుండా. ఆ బస్తాలను మోసుకొచ్చిన ట్రాక్టరుకూ అలాంటి తువ్వాలు ఒకటుంది. అదే ఎయిర్ ఫిల్టరు. అది మార్చాల్సి వచ్చినప్పుడల్లా ఇంట్లో వాదన మొదలవుతుంది. "కంపెనీదే వేయిద్దాం" అని ఒకరంటే, "కాగితం చుట్టకు అంత ధరా? బజారులో సగానికే వస్తుంది" అని మరొకరంటారు. ఈ వాదనలో మీరూ ఒక మాట చెప్పవచ్చు. కూడికలూ గుణకారాలూ వస్తే చాలు.

ముందు గాలి లెక్క చూద్దాం. ఇంజను పరిమాణం 2.5 లీటర్లు, అది నిమిషానికి 2000 చుట్లు తిరుగుతోంది అనుకోండి. నాలుగు స్ట్రోకుల ఇంజను కనుక రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. అంటే నిమిషానికి 2500 లీటర్లు, గంటకు 1,50,000 లీటర్లు, అంటే 150 ఘనపు మీటర్లు. (సిలిండరు ఎప్పుడూ పూర్తిగా నిండదు కనుక నిజానికి కాస్త తగ్గుతుంది.) 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదిలో పట్టే గాలి 144 ఘనపు మీటర్లు. మీ తరగతి గదిలోని గాలినంతా ట్రాక్టరు ఇంచుమించు ఒక్క గంటలో పీల్చేస్తుందన్న మాట!

అది ఎలాంటి గాలి? చిలకలూరిపేట, మార్టూరు, పర్చూరు వైపు నల్లరేగడి నేలలు మీకు తెలిసినవే. వానకు సాగి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అది. పత్తి కట్టె పీకేసిన చేలో వేసవిలో రోటావేటరు తిప్పితే వెనక మనిషి కనపడనంత దుమ్ము లేస్తుంది. రేగడి మన్ను వేళ్ళకు మెత్తగానే తగులుతుంది కానీ, అందులో కంటికి ఆనని ఇసుక రేణువులుంటాయి. ఇసుకలోని క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. అది గాజును కూడా గీస్తుంది. సిలిండరు గోడకూ పిస్టన్ రింగుకూ మధ్య ఉండే నూనె పొర మందం కొద్ది మైక్రాన్లే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ సందులో సరిగ్గా ఇరుక్కునే రేణువులు అక్కడ ఆకురాయి పని చేస్తాయి. కొన్నాళ్ళకు ఇంజను నూనె తాగడం మొదలెడుతుంది, పొగ వదులుతుంది. "బోరుకు వచ్చింది" అంటాడు మెకానిక్కు. ఆ మాట వెనక వచ్చే బిల్లు మిరప రైతుకు ఆ ఏడు మిగిలినదంతా మింగేయవచ్చు.

ఫిల్టరు జల్లెడ లాంటిదని చాలామంది అనుకుంటారు. కాగితంలోని సందుల కంటే చిన్న రేణువులు కూడా అందులో చిక్కుకుంటాయి, ఇదే విచిత్రం. గాలి పీచుల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. బరువైన రేణువు అంత వేగంగా మలుపు తిరగలేక పీచుకు కొట్టుకుంటుంది. మరీ సన్ననివి గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ తుళ్ళుతూ పోయి పీచుకు అంటుకుంటాయి. ఇలా పట్టుబడిన దుమ్ము కాగితం మీద పొరగా పేరుకుంటుంది. ఆ పొర కూడా ఫిల్టరుగా పనిచేస్తుంది! అందుకే కొద్దిగా వాడిన ఫిల్టరు కొత్తదాని కన్నా బాగా వడపోస్తుంది. కాకపోతే గాలికి అడ్డు పెరుగుతుంది.

"చవకది కొని రెండుసార్లు మారుద్దాం" అనే వాదన ఇక్కడే నీరుగారిపోతుంది. ఫిల్టరు ఎక్కువ దుమ్మును లోపలికి వదిలేది కొత్తగా ఉన్నప్పుడే. తరచుగా మారిస్తే ఆ బలహీనమైన తొలి గంటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. రోజూ విప్పి గట్టి గాలితో ఊదించడం కూడా అలాంటిదే. పైగా కాగితం చిరిగే ప్రమాదం ఉంది.

శాతాలు మనల్ని ఎలా మోసం చేస్తాయో చూడండి. ఒక ఫిల్టరు 99.5 శాతం, మరొకటి 98 శాతం దుమ్మును ఆపుతాయనుకుందాం. తేడా ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ ఇంజనుకు కావలసింది ఆగిన దుమ్ము లెక్క కాదు, దాటిన దుమ్ము లెక్క. మొదటిది అర శాతం వదిలితే రెండోది రెండు శాతం వదిలింది, అంటే నాలుగు రెట్లు! ఘనపు మీటరు గాలిలో ఒక గ్రాము దుమ్ము ఉందనుకుంటే, అలాంటి 100 గంటల పనిలో మొదటిది 75 గ్రాములూ రెండోది 300 గ్రాములూ లోపలికి వదులుతాయి.

అయితే నేను కంపెనీ డబ్బా పక్షమేనా? పూర్తిగా కాదు. ట్రాక్టరు కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లను తామే తయారు చేయవు. ఫిల్టర్లు చేసే సంస్థల దగ్గర కొని తమ పేరు వేసుకుంటాయి. ఆ సంస్థలే తమ సొంత పేరుతో బజారులోనూ అమ్ముతుంటాయి. అలాంటిది, మీ ట్రాక్టరు మోడలుకు సరిపోయేది, తక్కువ ధరకు దొరికితే నిక్షేపంగా కొనవచ్చు. నా తగువు ఊరూ పేరూ లేని సరుకుతోనూ, కంపెనీ డబ్బాను అచ్చు గుద్దినట్టు అనుకరించే నకిలీలతోనూ. ఫిల్టర్లను పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఆ పరీక్షలో వచ్చిన అంకెను డబ్బా మీద అచ్చువేయించాలని నేనంటాను. బిస్కెట్టు పొట్లం మీద పిండి, చక్కెర లెక్క రాయగా లేనిది దీనికేమిటి కష్టం?

స్పోర్ట్స్ కార్ల వాళ్ళు ముచ్చటపడి వేయించుకునే ఫిల్టరు ఒకటుంది. నూనెలో తడిపిన పలుచని నూలుగుడ్డ పొరలతో చేస్తారు. పత్తి పండించే మనకు ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. గాలికి అడ్డు తక్కువ కనుక జోరు పెరుగుతుందంటారు, మైలేజి కూడా అంటారు. 2009లో అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్రోలు కార్లను పరీక్షిస్తే, ఫిల్టరు మూసుకుపోయినా మైలేజి చెప్పుకోదగ్గంత మారలేదు, వేగం పుంజుకోవడం మాత్రం మందగించింది. తారురోడ్డు మీద పరుగు పందేనికి ఆ ఫిల్టరు సరే. రోటావేటరు వెనక దుమ్ములో మనకు కావలసింది జోరు కాదు, వడపోత.

ఈసారి ఫిల్టరు మార్చేటప్పుడు పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి మడతలు లెక్కించండి. మడత లోతును 2తో, మడతల సంఖ్యతో, ఎత్తుతో గుణించండి. 150 మడతలు, 2.5 సెంటీమీటర్ల లోతు, 30 సెంటీమీటర్ల ఎత్తు అయితే కాగితం వైశాల్యం 22,500 చదరపు సెంటీమీటర్లు. చవకదానిలో 100 మడతలే ఉంటే 15,000. అంటే మూడోవంతు కాగితం ఎగ్గొట్టారన్న మాట, అది త్వరగా మూసుకుపోతుంది. రబ్బరు అంచు గట్టిగా అతుక్కుంటోందో లేదో కూడా చూడండి. ఆ పక్కనుంచి గాలి దూరితే ఎంత మంచి కాగితమైనా దండగే. చివరగా, ఇంజను ఆపి ఉన్నప్పుడు పెద్దవాళ్ళ చేత ఫిల్టరు దాటిన తర్వాతి గొట్టాన్ని విప్పించి, లోపల తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకు మన్ను అంటితే ఆ ఫిల్టరు ఏ డబ్బాలో వచ్చిందో చూసి, దాని పేరు పుస్తకంలో రాసిపెట్టుకోండి.