చల్లటి ఇంజనే నిజం చెబుతుంది

మా మేనల్లుడు సెల్‌ఫోన్‌లో ఆ కారు ఫోటో చూపించినప్పుడే అర్థమైంది, వాడు వచ్చింది సలహా కోసం కాదు, సరేననిపించుకోవడానికని. ఎర్ర రంగు, ఏడేళ్ల వయసు, 58,000 కిలోమీటర్లు, ధర రూ. 6.20 లక్షలు. చూడటానికి చిన్న కారే, కానీ బానెట్ కింద ఉన్నది టర్బో పెట్రోలు ఇంజను. ఉద్యోగంలో చేరిన నాలుగేళ్లలో వాడు కూడబెట్టింది రూ. 4 లక్షలు. మిగతాది అప్పు చేస్తాడట. "ఒక్కసారి నడిపి చూడు మావయ్యా, నీకే తెలుస్తుంది" అన్నాడు.

ఆదివారం ఉదయం పది గంటలకు కూకట్‌పల్లి వెళ్లాం. యజమాని మర్యాదస్థుడు, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. కారు అద్దంలా మెరుస్తోంది. నేను బానెట్ మీద అరచెయ్యి ఆనించాను. వేడిగా ఉంది. "ఇప్పుడే టైర్లకు గాలి పట్టించుకొచ్చానండి" అన్నాడాయన. నిజమే కావచ్చు, కాకపోనూవచ్చు. ఎలాగైనా నేను చూడాల్సినవాటిలో సగం ఆ వేడికే మాయమయ్యాయి. రోడ్డెక్కించాక బండి బాణంలా దూసుకుపోయింది, పక్కసీట్లో మావాడి ముఖం వెలిగిపోయింది. దిగాక నేను అడిగింది ఒక్కటే: "రేపు ఆరింటికి మళ్లీ వస్తాం. అప్పటిదాకా స్టార్ట్ చేయకుండా ఉంచగలరా?"

అలా ఎందుకు అడిగానో చెప్పాలంటే ముందు ఈ జాతి కార్ల గురించి కొంత చెప్పాలి. కుటుంబం వాడుకునే హ్యాచ్‌బ్యాక్ బాడీలో దాని బరువుకు మించిన శక్తి ఉన్న ఇంజను పెడితే హాట్ హ్యాచ్ అవుతుంది. 1976లో వచ్చిన ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐ దీన్ని ప్రపంచానికి అలవాటు చేసింది. మన దేశంలో ఈ కోరికకు పన్నుల శాఖ కొలతలు పెట్టింది. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సీసీకి మించని పెట్రోలు ఇంజను ఉంటే చిన్న కారుగా పరిగణించి తక్కువ ఎక్సైజ్ సుంకం వేస్తామని 2006 బడ్జెట్ చెప్పింది. ఆ గీత జీఎస్టీలోనూ కొనసాగింది. కాబట్టి ఇంజను పెంచకుండా శక్తి పెంచాలంటే కంపెనీలకు మిగిలిన దారి టర్బో. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో బాలెనో ఆర్ఎస్, 2021లో ఐ20 ఎన్ లైన్, 2024లో ఆల్ట్రోజ్ రేసర్ వచ్చింది ఆ దారిలోనే. 2015లో వచ్చిన అబార్త్ పుంటోది 1.4 లీటర్ల ఇంజను, అందుకని ఆ రాయితీకి దూరంగా ఉండిపోయింది. వీటిలో పోలో, బాలెనో ఆర్ఎస్, అబార్త్ పుంటోల తయారీ ఆగిపోయింది. ఇష్టపడేవాళ్లకు దొరికేవి సెకండ్‌హ్యాండ్‌వే. రిస్కు మొదలయ్యేది కూడా అక్కడే.

టర్బో చేసే పని సులువుగానే చెప్పవచ్చు. సైలెన్సర్ వైపు వృథాగా పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీదున్న రెండో చక్రం గాలిని బలవంతంగా ఇంజన్లోకి తోస్తుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ శక్తి. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది, అదీ సన్నటి ఇంజనాయిల్ పొర మీద తేలుతూ. ఆయిల్ పాతబడినా, తగ్గినా, వేడికి మాడినా ముందు దెబ్బ తగిలేది దానికే. మామూలు ఇంజను యజమాని బద్ధకాన్ని చాలాకాలం క్షమిస్తుంది. టర్బో ఇంజను మాత్రం ప్రతి తప్పునూ ఖాతాలో రాసుకుంటుంది. ఆ ఖాతా బాకీ తీర్చేది ఎప్పుడూ రెండో యజమానే.

అందుకే "ఈ ఇంజను మంచిదేనా?" అన్న ప్రశ్నకు పెద్దగా విలువ లేదు. ఫోర్డ్ ఫోకస్ ఆర్ఎస్ సంగతే చూడండి. మన దేశంలో అమ్మకానికి రాలేదు గానీ, యూరప్, అమెరికాల్లో ఎంతగానో మెచ్చుకున్న కారు. 2.3 లీటర్ల ఇంజను, 350 హార్స్‌పవర్. 2016, 2017 మోడళ్లలో కొన్నిటికి అదే కంపెనీ మస్టాంగ్‌కు వాడాల్సిన సిలిండర్ హెడ్ గాస్కెట్ బిగించారు. కూలెంట్ సిలిండర్లోకి చేరడం, తెల్ల పొగ రావడం మొదలైంది. 2018 మొదట్లో ఫోర్డ్ తన ఖర్చుతో గాస్కెట్లు మార్చే కార్యక్రమం ప్రకటించింది. ఇంజను మంచిదే, కానీ రెండేళ్ల సరుకు చెడ్డది. గాస్కెట్ మార్చిన తర్వాత ఆ సరుకూ మంచిదే. కాబట్టి అడగాల్సినవి మూడు: ఏ ఏడాదిది, దానికి తెలిసిన లోపం సరిచేసిన రుజువు ఉందా, ఇన్నాళ్లూ ఎవరి చేతిలో ఉంది?

మొదటి రెండిటికీ జవాబు కాగితాల్లో దొరుకుతుంది. మూడోదానికి జవాబు ఇంజన్లోనే ఉంటుంది, అదీ చల్లగా ఉన్నప్పుడు. రాత్రంతా ఆపి ఉంచిన ఇంజన్లో ఆయిల్ అంతా కిందికి దిగిపోయి ఉంటుంది. స్టార్ట్ చేయగానే గలగలమని గొలుసు కొట్టుకున్నట్టు శబ్దం వచ్చి రెండు మూడు సెకన్లు కొనసాగితే టైమింగ్ చైన్ సాగి ఉండవచ్చు, లేదా దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ అరిగి ఉండవచ్చు. ఇంజను వేడెక్కాక ఈ శబ్దం తరచూ వినిపించదు. చైన్ బదులు బెల్టు ఉన్న ఇంజనైతే ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. వెనక నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోందని అర్థం. వాల్వ్ సీళ్లు, టర్బో సీళ్లు, పిస్టన్ రింగులు, వీటిలో ఏదో ఒకటి చెడింది. చలికాలం పొద్దున కాస్త తెల్ల ఆవిరి మామూలే, కానీ ఇంజను వేడెక్కాక కూడా తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తుంటే కూలెంట్ మండుతోంది. ఇంజను చల్లగా ఉండగానే కూలెంట్ డబ్బా మూత తీసి పైన నూనె తెట్టు ఉందేమో చూడండి. వేడి మీద ఆ మూత జోలికి పోవద్దు, చెయ్యి కాలుతుంది.

రెండో సాక్షి ఆయిల్ బిల్లులు. షోరూంలో తళుకులు చూసే మనం సర్వీసు ఫైలు తిరగెయ్యం. టర్బో ఇంజన్లో దీనికి మించిన ఆధారం లేదు. కిలోమీటర్లు తక్కువ నడిచిన కారే మంచిదనేది కూడా భ్రమే. రోజూ నాలుగు కిలోమీటర్ల ఆఫీసుకు వెళ్లొచ్చే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు, మండని పెట్రోలు ఆయిల్లో కలిసి దాన్ని పల్చబరుస్తుంది. మైలేజీ కోసం పెద్ద గేరులో, తక్కువ ఆర్‌పీఎంలో ఉండగా ఎక్సలేటర్ మొత్తం తొక్కే అలవాటు మరో ప్రమాదం. డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో ఇంజన్లలో అలాంటప్పుడు స్పార్క్ పడకముందే సిలిండర్లో మంట అంటుకుని పిస్టన్‌నే పగలగొట్టవచ్చు. దీన్ని తగ్గించడానికే ఆయిల్ ప్రమాణాలను మార్చి 2018లో ఏపీఐ ఎస్ఎన్ ప్లస్‌ను, 2020లో ఎస్‌పీని తెచ్చారు. సర్వీసు బిల్లు మీద ఆయిల్ గ్రేడు ఏమిటో చదివి, కారు మాన్యువల్‌లో చెప్పిందేనా అని పోల్చి చూడండి. "నిదానంగా నడిపానండి" అన్న మాటను ఆ బిల్లుతో కలిపే వినాలి.

డైరెక్ట్ ఇంజెక్షన్‌తో ఇంకో చిక్కుంది. పెట్రోలు నేరుగా సిలిండర్లో పడటం వల్ల ఇన్‌టేక్ వాల్వులను కడిగేది ఉండదు, వాటిమీద మసి పేరుకుంటుంది. పికప్ మందగించడం, ఐడిల్‌లో ఇంజను వణకడం దాని లక్షణాలు. అక్రోటు పెంకుల పొడిని గాలి ఒత్తిడితో చిమ్మి ఆ మసిని వదలగొట్టే పద్ధతి ఉంది. చేయించారా అని అడగండి. అబార్త్ పుంటో, ఆల్ట్రోజ్ టర్బోల్లో పెట్రోలు వాల్వుల వెనకే పడుతుంది కాబట్టి ఈ బెడద తక్కువ.

మూడో సాక్షి స్కానర్. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు దాన్ని తగిలిస్తే కారు తన జబ్బులు తానే చెబుతుంది. పి0300తో మొదలయ్యేవి మిస్‌ఫైర్ కోడ్లు. పి0299 అంటే టర్బో ఇవ్వాల్సిన ఒత్తిడి ఇవ్వడం లేదని. అసలు కోడ్లే లేకపోతే సంతోషించే ముందు "రెడీనెస్" పేజీ చూడండి. అమ్మకానికి ముందు కోడ్లు చెరిపేస్తే కారు స్వయం పరీక్షలు అసంపూర్తిగా ఉన్నట్టు అక్కడ కనిపిస్తుంది. శక్తి పెంచడానికి కంప్యూటర్ ప్రోగ్రాం మార్చడం, అంటే రీమ్యాప్, ఈ కార్లలో సర్వసాధారణం. అమ్మేముందు మళ్లీ పాతది ఎక్కించేస్తారు. పెద్ద సైలెన్సర్ పైపు, మార్చిన ఎయిర్ ఫిల్టర్ డబ్బా, స్థానంలో లేని క్యాటలిటిక్ కన్వర్టర్ కనిపిస్తే రీమ్యాప్ జరిగిందనే అనుకోండి. ఆ ఇంజను కంపెనీ ఊహించిన దానికన్నా ఎక్కువ బరువు మోసిందని గుర్తు.

ఇక మన నేల మీద ప్రత్యేకంగా చూడాల్సినవి రెండు. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో విజయవాడలో కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. నీళ్లు పీల్చిన ఇంజన్లో కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ తర్వాత కొంతకాలం నడిచినా నమ్మలేం. సీటు కింది పట్టాల తుప్పు, సీటు బెల్టును చివరిదాకా లాగినప్పుడు కనిపించే బురద మరక, బీమా క్లెయిముల చరిత్ర ఆ గుట్టు విప్పుతాయి. రెండోది పెట్రోలు. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే వచ్చింది. ఆ మిశ్రమాన్ని తట్టుకునే విడిభాగాలు 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కార్లలో ఉన్నాయి. అంతకుముందువి చాలావరకు 10 శాతానికే తయారైనవి. పాత కారు కొంటే ఇంధన పైపులు, రబ్బరు సీళ్లు పరీక్ష చేయించాలి.

ఇన్ని చూశాక కూడా అనుమానం మిగిలితే వెయ్యి, రెండు వేలు ఖర్చుపెట్టి కంప్రెషన్ పరీక్ష చేయించండి. స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో ఒత్తిడి కొలుస్తారు. అంకె ఎంతుందన్నదానికన్నా అన్ని సిలిండర్లలో దాదాపు ఒకేలా ఉందా అన్నది ముఖ్యం. దీనికి ఒప్పుకోని యజమాని నుంచి కారు కొనవద్దు, ఎంత తగ్గించినా సరే.

సోమవారం ఆరింటికి మా మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాం. బానెట్ చల్లగా ఉంది, ఆయన మాట నిలబెట్టుకున్నాడు. తాళం తిప్పగానే గలగల. మూడు సెకన్లు. వెనకాల పల్చటి నీలం పొగ గేటు దాకా పాకి విడిపోయింది. స్కానర్ పెడితే కోడ్లు లేవు, స్వయం పరీక్షల్లో సగం పూర్తి కాలేదు. ఫైల్లో ఒక బిల్లుకూ తర్వాతి బిల్లుకూ మధ్య 21,000 కిలోమీటర్ల ఖాళీ. చైను, టెన్షనర్, టర్బో కలిపి లక్షన్నర దాటవచ్చన్నాడు మెకానిక్. "ఈ మోడలన్నీ ఇంతేనండి" అన్నాడు యజమాని. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు. ఆయనకూ ఆ కారు ఇలాగే వచ్చి ఉంటుంది.

తిరుగుదారిలో మావాడు మాట్లాడలేదు. ఎర్రగడ్డ దాటాక "లక్ష తగ్గిస్తే?" అన్నాడు. తగ్గిన లక్ష ఎప్పుడు ఖర్చవుతుందో నిర్ణయించేది నువ్వు కాదు, ఇంజను అన్నాను. వారం రోజులు నాకు ఫోన్ చెయ్యలేదు.

మూడు నెలల తర్వాత అదే మోడల్ మరొకటి దొరికింది. 71,000 కిలోమీటర్లు, నలభై వేలు ఎక్కువ ధర, ఎవరూ తిరిగి చూడని బూడిద రంగు. ఫైలు మాత్రం దిండంత మందం, ప్రతి 7,500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చిన బిల్లు. పొద్దున్నే స్టార్ట్ చేస్తే చప్పుడు లేదు, పొగ లేదు. కొన్నాడు. అప్పు కొంచెం పెంచి, రిపేర్ల కోసం యాభై వేలు విడిగా బ్యాంకులో ఉంచమన్నాను, ఉంచాడు.

మొన్న మా అక్క ఫోన్ చేసింది. "వీడు ఔటర్ రింగ్ రోడ్డు మీద తిరిగొచ్చిన రోజు ఇంటి ముందు కారాపకుండా నిమిషంసేపు లోపలే కూర్చుంటున్నాడు, మనసేమైనా బాగోలేదంటావా?" అని. బాగానే ఉందక్కా, టర్బో చల్లారాలి అన్నాను.