మీట నొక్కే చేతికి నేర్పిందెవరు?

పండుగ మరునాడు పిల్లల చేయి పట్టుకుని ఎగ్జిబిషన్‌కో, పార్కుకో వెళ్ళని కుటుంబం మనలో అరుదు. హైదరాబాదు నాంపల్లిలో ఏటా జనవరిలో మొదలయ్యే నుమాయిష్ కావచ్చు, ఊరి బయట ఉర్సు దగ్గర వెలసే రంగులరాట్నం కావచ్చు. టికెట్టు కొంటాం, పిల్లవాణ్ణి తొట్టిలో కూర్చోబెడతాం, అడ్డకడ్డీ పడిందో లేదో చూసి వెనక్కు జరుగుతాం. చక్రం తిరగడం మొదలయ్యాక మన కళ్ళు పిల్లవాడి మీదే ఉంటాయి. ఆ చక్రాన్ని తిప్పుతున్న మనిషిని ఎవరూ చూడరు. అతను ఎంతకాలంగా ఆ పనిలో ఉన్నాడో తెలియదు. ఆ పని అతనికి ఎవరు నేర్పారో, అసలు నేర్పారో లేదో తెలియదు. అయినా ప్రాణానికి ప్రాణమైన బిడ్డను కొద్ది నిమిషాలపాటు అతని చేతికి అప్పగిస్తాం.

ప్రమాదం జరిగిన రోజున మాత్రం అందరి కళ్ళూ అతని మీదికే తిరుగుతాయి. ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అన్న రెండు మాటలతో వార్త ముగుస్తుంది. ఠాణాలో అతని పేరే మొదట రాసుకుంటారు. యజమాని ఊపిరి పీల్చుకుంటాడు. తప్పు చేసినవాడు దొరికాడు కదా అని మనమూ ఊరట చెందుతాం. కానీ అతనికి ఆ పని నేర్పవలసిన బాధ్యత ఎవరిది? నేర్పకుండా మీట చేతికిచ్చిన వారి తప్పు ఏ లెక్కలో రాయాలి? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఆస్ట్రేలియాలో జరిగిన ఒక దుర్ఘటనను కాస్త వివరంగా తెలుసుకోవాలి.

క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని గోల్డ్‌కోస్ట్‌లో డ్రీమ్‌వరల్డ్ అనే పెద్ద వినోద పార్కు ఉంది. అందులో ‘థండర్ రివర్ ర్యాపిడ్స్’ అనే నీటి రైడ్ 1986 నుండి నడిచింది. గుండ్రటి తెప్పల్లో జనం కూర్చుంటారు. పంపులు తోడిపోసే నీటి ఉరవడిలో అవి కాలువ వెంట సాగి, చివరకు ఒక కన్వేయర్ బెల్టు మీదుగా దిగే చోటికి చేరతాయి. పెద్ద ఎత్తు లేదు, తలకిందులు చేసే మలుపు లేదు. కుటుంబమంతా కలిసి ఎక్కదగిన ఆట అనే దానికి పేరు. 2016 అక్టోబర్ 25 మధ్యాహ్నం ఒక పంపు ఆగిపోయింది. కాలువలో నీటిమట్టం చూస్తుండగానే పడిపోయింది. బెల్టు దిగిన ఒక ఖాళీ తెప్ప నీరు లేక అడుగునున్న ఇనుప పట్టాలపై కూర్చుండిపోయింది. వెనుక నుండి ఆరుగురితో వస్తున్న మరో తెప్పను బెల్టు తీసుకొచ్చి దానికి గుద్దించింది. ఆ తెప్ప పైకి లేచింది. బెల్టు మాత్రం ఆగలేదు. నలుగురు పెద్దవాళ్ళు ఆ యంత్రంలో చిక్కుకుని ప్రాణాలు విడిచారు. అదే తెప్పలో ఉన్న పదేళ్ళ బాలుడు, పన్నెండేళ్ళ బాలిక బతికి బయటపడ్డారు. ఆ బాలిక తల్లి చనిపోయిన నలుగురిలో ఒకరు.

పంపు ఆగడానికీ తెప్పలు ఢీకొనడానికీ మధ్య సుమారు ఒక నిమిషం వ్యవధి ఉంది. ఆ నిమిషంలో ఆ బెల్టును ఎవరైనా ఆపి ఉంటే? ఆపగలిగిన మీట లేకపోలేదు. జనం దిగే చోట నిలబడే ఆపరేటర్ చేతికి అందేంత దగ్గరలోనే అది ఉంది. దానిని నొక్కితే సుమారు రెండు సెకన్లలో బెల్టు ఆగిపోయేది. ఆ చోట ఉన్న ఉద్యోగినికి ఆ రైడ్ మీద అదే మొదటి రోజు. ఉదయం గంటన్నరపాటు పని చూపించారు. ఆ మీట దేనికో ఆమెకు సరిగా తెలియదు. ప్రధాన ఆపరేటర్ తన దగ్గరున్న మీట నొక్కాడు. అది బెల్టును మెల్లగా ఆపేది. రెండో మీట అంత త్వరగా పనిచేస్తుందన్న సంగతి అతనికీ తెలియదు. పైగా అత్యవసర మీటను ఎప్పుడు వాడాలన్న దాని మీద ప్రమాదానికి కొద్ది రోజుల ముందు సిబ్బందికి అందిన సూచన, దాన్ని నొక్కడానికి ధైర్యమిచ్చేలా కాక వెనుకాడేలా చేసేదిగా ఉంది. రక్షించే సాధనం చేతి దగ్గరే ఉంది. దాన్ని వాడే జ్ఞానం మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఇంకా వినండి. ఆ రోజు ఆ పంపు ఆగడం అది మూడోసారి. మొదటి రెండుసార్లూ మళ్ళీ నడిపించి, జనాన్ని మళ్ళీ ఎక్కించారు. నీరు తగ్గిందని తనంతట తాను గుర్తించి బెల్టును ఆపే పరికరం అక్కడ లేదు. కాలువ గోడ మీద నీటి మరకను చూసి ఆపరేటర్లు మట్టాన్ని అంచనా వేసుకోవాలి. జనాన్ని దించాలి, ఎక్కించాలి, తెప్పల ఎడం చూడాలి, పంపులను గమనించాలి, మరకను కనిపెట్టాలి. ఇవన్నీ ఏకకాలంలో, రోజంతా చేయాలి. మనిషి కళ్ళకూ చేతులకూ ఒక హద్దు ఉంటుందని ఆ ఏర్పాటు చేసినవారు ఆలోచించలేదు.

మరణాల కారణాలను విచారించే కరోనర్ 2020 ఫిబ్రవరిలో తన నిర్ణయాన్ని వెలువరించారు. ఆనాడు విధుల్లో ఉన్న ఆపరేటర్లను ఆయన దోషులుగా నిలబెట్టలేదు. వేలెత్తి చూపింది యాజమాన్యం వైపు. రైడ్‌లోని ముప్పును అర్హులైన ఇంజనీర్లతో ఏనాడూ సమగ్రంగా అంచనా వేయించలేదని, శిక్షణ చాలదని, నిర్వహణ అధ్వానంగా ఉందని తేల్చారు. అదే ఏడాది యాజమాన్య సంస్థ అర్డెంట్ లీజర్ కోర్టులో నేరాన్ని ఒప్పుకుంది. సెప్టెంబర్‌లో 36 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. ఆ రైడ్ మళ్ళీ తెరుచుకోలేదు.

విచారణలో బయటపడిన మరో సంగతి అన్నిటికన్నా ఎక్కువగా మనల్ని ఆలోచింపజేయాలి. 2001లో జనం లేకుండా నడిపి చూస్తున్నప్పుడు అదే రైడ్‌లో తెప్పలు ఢీకొని ఒకటి తిరగబడింది. 2014లో మళ్ళీ రెండు తెప్పలు ఢీకొన్నాయి. అప్పుడు ఏం చేశారు? ఆపరేటర్‌ను ఉద్యోగం నుండి తీసేశారు. సమస్య తీరిపోయిందనుకున్నారు. మనిషి మారాడు. రైడ్ ప్రమాదకరంగానే మిగిలింది. రెండేళ్ళ తరువాత ఆ పొరపాటు ధరను నాలుగు ప్రాణాలు చెల్లించాయి. ఒక ఉద్యోగిని బయటికి పంపడం చౌక. పద్ధతిని సరిదిద్దడం ఖర్చు. చౌకబేరానికి దిగినవారికి చివరకు ఎంత నష్టం వచ్చిందో చూడండి.

ఇది ఒక్క ఆస్ట్రేలియాకే పరిమితమైన జాడ్యం కాదు. ఇంగ్లండులోని ఆల్టన్ టవర్స్ పార్కులో 2015 జూన్ 2న ‘స్మైలర్’ అనే రోలర్‌కోస్టర్‌లో 16 మందితో వెళ్తున్న బండి, పట్టాల మీద నిలిచిపోయిన ఖాళీ బండిని గుద్దింది. ఇద్దరు యువతులు చెరొక కాలు కోల్పోయారు. ముందు బండి ఉందని కంప్యూటర్ గుర్తించి ఆపింది. పట్టాల మీద మొత్తం ఎన్ని బండ్లున్నాయో స్పష్టత లేని ఇంజనీర్లు, కంప్యూటరే పొరపాటు పడిందనుకుని ఆ అడ్డును తొలగించారు. అత్యవసర సేవలకు మొదటి ఫోను వెళ్ళేసరికి 17 నిమిషాలు గడిచాయి. ఇది మానవ తప్పిదమని యాజమాన్యం మొదట చెప్పుకుంది. తప్పు కొందరు ఉద్యోగులది కాదు, వారికి సరైన పద్ధతి ఏర్పరచని సంస్థదేనని ప్రభుత్వ భద్రతా విభాగం స్పష్టం చేసింది. 2016లో కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా విధించింది.

మన దగ్గరికి వద్దాం. 2018 మే 27న అనంతపురంలో ఒక ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ తొట్టి ఊడి కింద పడింది. పదేళ్ళ బాలిక చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. బోల్టు వదులైందని చూసినవారు చెప్పినా ఆపరేటర్ పట్టించుకోలేదని ఆనాటి వార్తలు తెలిపాయి. 2025 జనవరిలో నుమాయిష్‌లోనే ఒక రైడ్ నడిమధ్యలో ఆగిపోయి, ఎక్కినవారు చాలాసేపు తలకిందులుగా ఉండిపోయారు. అన్ని ప్రమాదాలూ ఆపరేటర్ చేతిలో ఉండవన్నది నిజమే. 2019లో అహ్మదాబాదులోని కాంకరియాలో ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు. విరిగే ఇనుమును ఏ ఆపరేటరూ చేతులతో పట్టుకోలేడు. అయితే వదులైన బోల్టును గుర్తించడం, గుర్తించగానే ఆపడం, ఆపాక నడపనని గట్టిగా నిలబడడం మనిషి చేయవలసిన పనులు. అవి నేర్పితేనే వస్తాయి.

అనంతపురం ఆపరేటర్‌ను వెనకేసుకు రావడం మా ఉద్దేశం కాదు. హెచ్చరించినా వినని మనిషి దోషి కాకుండా పోడు. మేము అడిగేది ఇంతే: ఫిర్యాదు వచ్చిన క్షణంలో చక్రం ఆపాలి, అలా ఆపినందుకు నీ కూలి కోయను అని యజమాని ఎన్నడైనా అతనితో అన్నాడా? ఆ మాట అనని చోట ప్రతి నిమిషం నడిస్తేనే గిట్టుబాటు అన్న ఒక్క పాఠమే కుర్రవాడికి వంటబడుతుంది.

మన మెకానిక్ షెడ్లలో, లేత్ దుకాణాల్లో, కుట్టు దుకాణాల్లో ఒక పాత సంప్రదాయం ఉంది. షాగిర్దు చేరిన రోజే ఉస్తాదు యంత్రం అప్పగించడు. మొదట పానాలు అందించమంటాడు, చూస్తూ ఉండమంటాడు. ఆ తరువాత తన కళ్ళ ముందు చేయిస్తాడు. పొరపాటు చేస్తే మందలిస్తాడు. నమ్మకం కుదిరాకే ఒంటరిగా వదులుతాడు. లేత్ మీద పొరపాటు జరిగితే పాడయ్యేది ఒక ఇనుప ముక్క, మహా అయితే పనివాడి వేలు. ఇరవై మంది పిల్లలు కూర్చున్న చక్రం దగ్గర మాత్రం నిన్న వచ్చిన కుర్రవాణ్ణి, ‘ఇది నొక్కితే తిరుగుతుంది, అది నొక్కితే ఆగుతుంది’ అని రెండు ముక్కలు చెప్పి నిలబెడితే అది న్యాయమా? పనిని అప్పగించడమంటే అమానతును అప్పగించడం. దాన్ని కాపాడే విద్య నేర్పకుండా అప్పగించినవాడే మొదటి ఖయానతు చేసినవాడు.

శిక్షణ అంటే పెద్ద పెద్ద పుస్తకాలు చదివించడం కాదు. ఏ మీట ఏం చేస్తుందో, ఎంతసేపట్లో చేస్తుందో తెలియాలి. ప్రతి ఉదయం జనం రాకముందే ఖాళీగా నడిపి చూడాలి. గాలివానలో, కరెంటు పోయినప్పుడు ఏం చేయాలో చేతులకు అలవాటయ్యేదాకా సాధన చేయించాలి. ఒకే లోపం రెండోసారి వస్తే రైడ్ మూసి, మరమ్మతు తెలిసినవాడు వచ్చి సంతకం చేసేదాకా తెరవకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, అనుమానం వస్తే ఆపే అధికారం అందరికంటే చిన్న ఉద్యోగికి కూడా ఉండాలి. డ్రీమ్‌వరల్డ్ దుర్ఘటన తరువాత క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం 2019లో నిబంధనలు మార్చింది. రైడ్లకు పదేళ్ళకొకసారి విడదీసి చేసే పెద్ద తనిఖీని, శిక్షణ పొందిన ఆపరేటర్లను తప్పనిసరి చేసింది. మన దగ్గర కూడా ఎగ్జిబిషన్‌కు అనుమతినిచ్చే అధికారులు యంత్రం కాగితాలతోపాటు దాన్ని నడిపే మనిషి శిక్షణ కాగితాన్నీ అడగాలి. యంత్రాన్ని బిగించిన రోజున ఒకసారి చూసి వెళ్తే చాలదు. బోల్టు వదులయ్యేది ఆ తరువాతి రోజుల్లోనే.

ఇక మన వంతు. ఎత్తు చాలదని ఆపరేటర్ ఆపిన బిడ్డను, ‘పర్వాలేదు భాయ్, నేను పట్టుకుంటాలే’ అని బతిమాలి ఎక్కించేది మనమే. చక్రం కాసేపు ఆగితే ఈలలు వేసేదీ మనమే. తన పని సక్రమంగా చేస్తున్నవాణ్ణి మనమే తప్పుదారి పట్టిస్తున్నాం. ఇకనుండి అతను ‘వద్దు’ అన్నప్పుడు కోపగించుకోకుండా కృతజ్ఞత చెప్పుకుందాం. ఎక్కే ముందు ఒక చక్కరు బయట నిలబడి చూద్దాం. ప్రతి కడ్డీని చేత్తో లాగి చూస్తున్నాడా? కళ్ళు రైడ్ మీద ఉన్నాయా, ఫోను మీద ఉన్నాయా? సందేహం కలిగితే టికెట్టు డబ్బులు పోయినా సరే, తిరిగి వచ్చేద్దాం. పిల్లవాడు గంటసేపు ఏడుస్తాడు, అంతే కదా.

సెలవుల్లో నాలుగు రూకలు సంపాదించుకోవడానికి ఇలాంటి పనుల్లో చేరే కుర్రవాళ్ళు మన వీధుల్లోనూ ఉన్నారు. వారి తల్లిదండ్రులకు ఒక మాట. జీతం ఎంత అని అడిగే ముందు, పని ఎన్నాళ్ళు నేర్పుతారని అడగండి. మొదటి రోజే ఒంటరిగా మీట దగ్గర నిలబెడతామంటే ఆ పని వద్దని చెప్పండి. గంటన్నర శిక్షణతో నిలబడిన ఆ ఆస్ట్రేలియా యువతికి ఆ మధ్యాహ్నం జీవితాంతం గుర్తుంటుంది. అటువంటి భారం మన బిడ్డల గుండెల మీద పడకూడదు, మరొకరి బిడ్డల గుండెల మీదా పడకూడదు.