అమ్మ చీరల దిండు

పొందిక లేని ప్రతిదానినీ మనం ‘అతుకుల బొంత’ అని తీసిపారేస్తాము. బొంత కుట్టే స్త్రీ పట్ల ఇది అన్యాయమే. ముక్కకు ముక్క సరితూగేలా కలపడానికి ఎంత ఓర్పు కావాలో ఆమెకే తెలుసు. దైవప్రవక్త (సల్లం) ఇంటిలో బొమ్మలున్న తెరను ఆయన ఇష్టపడనప్పుడు, హజ్రత్ ఆయిషా (రజి) దానిని కోసి దిండ్లుగా మలిచారు. గుడ్డ వృథా కాలేదు.

కన్నుమూసిన తల్లి చీరలను చదరాలుగా కోసి, అతికి, దిండు గలీబు కుట్టుకోవడం ఇటీవల కొన్ని ఇళ్ళలో కనిపిస్తున్నది. మంచి పనే. అయితే కత్తెర పట్టే ముందు ఒక ప్రశ్న ఉంది. ఆ చీరలు ఎవరివి?

బీరువాలోని చీరలు కూడా ఆమె విడిచిపోయిన ఆస్తిలోనివే. అప్పులు తీర్చి, వసీయత్ ఉంటే దానిని నెరవేర్చిన పిదప అవి వారసులందరికీ చెందుతాయి. కుమార్తెలతోపాటు కుమారులకు, భర్తకు, ఆమె తల్లిదండ్రులు జీవించి ఉంటే వారికి కూడా భాగముంది. విడిచివెళ్ళినది కొద్దిపాటిదైనా స్త్రీ పురుషులిరువురికీ వాటా ఉందని అన్నిసా సూరా 7వ ఆయతు స్పష్టం చేస్తున్నది. పెద్దలు మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే చాలు. కాని యుక్తవయసు రాని తమ్ముడుంటే, అతని తరఫున అక్క గాని అన్న గాని వాటా వదులుకొనజాలరు. దాని విలువ అతనికి దక్కవలసిందే. జరీ పట్టుచీర వెల తక్కువేమీ కాదు కదా! ఇక, చీరలు పంచిపెట్టి ‘ఆడపిల్లల వాటా ముగిసింది’ అని పొలం తమ పేర రాయించుకునే సోదరులూ ఉన్నారు. ఈ ఆయతును వారు మరొకసారి చదువుకోవాలి.

అనుమతి లభించిన తరువాత పని సులభమే. మా ఇంట కుట్టేవారిని అడిగి ఈ కొలతలు రాస్తున్నాము. నూలు చీరలను ముందుగా ఉతికి ఆరబెట్టాలి; రంగు దిగేది అప్పుడే దిగిపోతుంది. మడతల దగ్గర చివికిన భాగాన్ని వదిలివేయాలి. పాత పట్టు అయితే వెనుక పలుచని నూలు గుడ్డ వేయనిదే కుట్టు నిలవదు. నాలుగున్నర అంగుళాల చదరాలు తొమ్మిది కోసి, మూడేసి చొప్పున మూడు వరుసలు కుట్టాలి. కుట్టుకు అన్ని వైపులా పావు అంగుళం వదలాలి. మొదటి, మూడవ వరుసల కుట్టు మడతలను ఒక వైపునకు, నడిమి వరుసవాటిని ఎదుటి వైపునకు ఇస్త్రీ చేస్తే వరుసలు కలిపేచోట మూలలు సరిగా కుదురుతాయి. తొందరపడేవారు ఇక్కడే ఇస్త్రీ మానేస్తారు. మూలలు వంకర పోతాయి. చుట్టూ రెండున్నర అంగుళాల పట్టీ కుడితే పదహారు అంగుళాల దిండుకు సరిపోతుంది. వెనుక రెండు గుడ్డలు ఒకదానిపై ఒకటి వచ్చేలా కుడితే ఉతకడానికి గలీబు తీయవచ్చు. లోపలికి బూరుగు దూది మేలు.

తొమ్మిది చీరల నుండి నాలుగేసి చదరాలు తీస్తే నలుగురు సంతానానికి నాలుగు దిండ్లు వస్తాయి.